వానకు మ్యాన్‌హోళ్లు పొంగుతుంటే పెద్ద పైపులు వేయించాలా?

కడపలో బుగ్గవంకకు దగ్గరగా ఉన్న మీ కాలనీలో, 1980ల చివర ఇళ్లతో పాటే వేసిన భూగర్భ మురుగు పైపులు వాన పడిన ప్రతిసారీ పొంగుతున్నాయనీ, రెండు చోట్ల రోడ్డు కుంగిందనీ, కాలనీ సంఘం వారు 150 మిల్లీమీటర్ల పాత పైపులన్నీ పెకలించి 300 మిల్లీమీటర్లవి వేయించాలని నగరపాలక సంస్థకు అర్జీ రాస్తున్నారనీ, దాని మీద సంతకం చేయవచ్చా అనీ అడిగారు. రాయలసీమ పట్టణాల్లో నీటి సరఫరా, మురుగు పారుదల పనులు ముప్పై ఏళ్లకు పైగా చేసినవాణ్ణి గనుక నేరుగానే చెబుతాను: ఇప్పుడున్న రూపంలో ఆ అర్జీ మీద సంతకం చేయకండి. పైపులు పాతబడిన మాట నిజమే, కొన్నింటిని మార్చక తప్పకపోవచ్చు కూడా. కానీ వానకు పొంగడం ఒక జబ్బు, రోడ్డు కుంగడం వేరే జబ్బు. ఆ రెండింటిలో దేనికీ 300 పైపు మందు కాదు.

ముందు పొంగడం సంగతి చూద్దాం. మీరిచ్చిన వివరాలతోనే లెక్క వేస్తాను. 400 ఇళ్లు, ఇంటికి ఐదుగురు చొప్పున 2,000 మంది. భూగర్భ మురుగు పారుదల ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలనీ, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందనీ మన దేశంలో ఇంజినీర్లు వాడే కేంద్ర మాన్యువల్ చెబుతుంది. ఆ ప్రకారం మీ కాలనీ మురుగు రోజుకు 2,16,000 లీటర్లు, అంటే సగటున సెకనుకు రెండున్నర లీటర్లు. పొద్దుటిపూట రద్దీకి దాన్ని మూడింతలు చేసినా ఏడున్నర లీటర్లే అవుతుంది. 150 మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో సక్రమంగా వేసిన, పూడిక లేని 150 మిల్లీమీటర్ల పైపు నిండుగా పారితే సెకనుకు సుమారు 12 లీటర్లు తీసుకుపోతుంది. అంటే కాలనీ మురుగునంతా ఒకే పైపులో కలిపినా అది మోయగలదు. వాన లేని రోజుల్లో ఏ మ్యాన్‌హోలూ పొంగదని మీరే రాశారు గనుక ఈ లెక్క కాగితం మీదనే కాదు, మీ వీధిలోనూ నిజమేనని తేలుతోంది.

ఇక వాన లెక్క. అక్టోబరు, నవంబరు నెలల్లో గంటకు 50 మిల్లీమీటర్ల ఉద్ధృతితో ఒక పావుగంటో అరగంటో దంచికొట్టే వాన కడపకు కొత్తేమీ కాదు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద అలాంటి వాన పడితే గంటకు 5,000 లీటర్లు, అంటే సెకనుకు దాదాపు 1.4 లీటర్లు దిగుతాయి. తొమ్మిది మిద్దెల నీళ్లు చేరితే చాలు, మీ 150 పైపు నిండిపోతుంది, ఇంక మురుగుకు అందులో చోటే ఉండదు. అదే వాలులో 300 పైపు వేస్తే సెకనుకు 79 లీటర్ల దాకా పారుతుంది. దాన్ని నింపడానికి యాభై ఆరు మిద్దెలు కావాలి, మీ కాలనీలో ఉన్నవి 400. వీధులు, ఖాళీ స్థలాలు కలుపుకొని కాలనీ విస్తీర్ణం పది హెక్టార్లనుకుని, పడిన వానలో 70 శాతం పారుతుందనుకుంటే సెకనుకు దాదాపు 970 లీటర్ల నీళ్లు బయటికి పోవాలి. అంత నీటికి కావలసింది మురుగు పైపు కాదు, ఒక చిన్న వంక.

కాబట్టి మీ పైపు చిన్నదై పొంగడం లేదు, దానిలోకి రాకూడని నీళ్లు వచ్చి పొంగుతోంది. ఆ నీళ్లు ఎక్కడెక్కడ దిగుతున్నాయో పట్టుకోవడమే మొదటి పని. నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద దారి చాలా మామూలుది: వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలవగానే ఎవరో ఒకరు గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. వీధి ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, ఆ సాయం చేసినాయన మంచివాడనిపించుకుంటాడు, దిగువన ఉన్న ఇంట్లో మాత్రం మరుగుదొడ్డిలోంచి నీళ్లు పైకి తన్నుతాయి. పైగా ఆ తెరిచిన మూతలోంచి రోడ్డు మీది ఇసుక, ప్లాస్టిక్ సంచులు, ఇల్లు కడుతున్న చోటి కంకర అన్నీ లోపలికి పోతాయి. రెండోది మిద్దె పైపులు. ఇల్లు కట్టినప్పుడు వాన పైపును పెరట్లోకి వదిలి ఉంటారు, తరవాత ఎప్పుడో పెరడంతా బండలు పరిపించుకున్నప్పుడు నీళ్లు నిలుస్తున్నాయని మేస్త్రి దాన్ని దగ్గరలోని మురుగు చాంబరులో కలిపేస్తాడు. ఇంటివారికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా.

వీటిని కనుక్కోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఎండ కాసే రోజున అనుమానం ఉన్న మిద్దె మీద రెండు బక్కెట్ల రంగు నీళ్లు పోసి, వీధి మ్యాన్‌హోల్‌లో రంగు కనిపిస్తుందేమో చూస్తే చాలు. నగరపాలక సంస్థ వారు ఒప్పుకుంటే పొగ పరీక్ష ఇంకా తొందరగా తేలుస్తుంది: రెండు మ్యాన్‌హోళ్ల మధ్య పైపులోకి ప్రమాదం లేని పొగను ఫ్యాన్‌తో పంపితే, ఏ మిద్దె పైపు చివర నుంచి పొగ లేస్తే ఆ మిద్దె దొరికిపోయినట్టే. పగిలిన పైపు లోతు తక్కువగా ఉంటే రోడ్డు బీటల్లోంచి కూడా పొగ వస్తుంది. ముందురోజు ఇంటింటికీ చెప్పకుండా ఈ పరీక్ష చేయకూడదు. ఒకసారి మేము చెప్పడం మరిచిపోతే, స్నానాలగదిలో పొగ చూసి ఒక పెద్దాయన ఇల్లు అంటుకుందని వీధంతా లేపేశారు.

మిద్దె నీళ్లను మురుగు చాంబరు నుంచి విడదీసినంత మాత్రాన అవి మాయం కావు, వాటికి వేరే దారి చూపాలి. ఆ దారి మీ వీధుల పక్కనున్న సైడు కాలువలే. వాటి గురించి మీరు ఒక్క వాక్యంలో ‘బండలు కప్పి ఉన్నాయి’ అని రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ సమస్యలో సగం అక్కడే కనిపించింది. మన జిల్లాలో బండలకు కొరత లేదు గనుక ప్రతి గుమ్మం ముందూ కాలువ మీద కడప బండలు పరిచి, పైన సిమెంటుతో అతికించి, బండి ఎక్కడానికి వాలు కట్టేసుకుంటాము. బండ కింద ఉన్న కాలువను ఎవరూ చూడరు, పారిశుద్ధ్య కార్మికుడి పార అక్కడికి చేరదు. రెండేళ్లు గడిచేసరికి రెండడుగుల కాలువలో ఆరంగుళాల ఖాళీ మిగులుతుంది. బండలు తీసేయమని నేననను, ఎవరూ తీయరు కూడా. ప్రతి పది అడుగులకు ఒక బండను సిమెంటు లేకుండా, ఎత్తడానికి రెండు కడ్డీ కొక్కేలతో ఉంచితే చాలు. వాన కాలానికి ముందు, అంటే సెప్టెంబరు లోపల, ఆ బండలు ఎత్తి పూడిక తీయించండి. తీసిన పూడికను కాలువ గట్టునే కుప్పపోసి వదిలేస్తే మొదటి వానకే అది తిరిగి లోపలికి చేరుతుంది. ఈ చివరి మాటకు పెద్ద అనుభవం అక్కర్లేదు గానీ, ఏటా జరిగేది అదే.

కాలువ ఎంత బాగున్నా అది పోయి కలిసేది బుగ్గవంకలో. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగి కడపలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. వంకలో నీటిమట్టం మీ కాలువ చివరి తూము కన్నా పైకి లేచినప్పుడు మీ నీళ్లు వంకలోకి పోవు, వంక నీళ్లే మీ వీధిలోకి వస్తాయి. అప్పుడు పైపు ఎంత పెద్దదైతే వెనక్కి వచ్చే దారి అంత పెద్దదవుతుంది. తూము చివర ఒకవైపే తెరుచుకునే ఇనుప రెక్క బిగిస్తారు: లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, వంక నీళ్లు తోస్తే మూసుకుంటుంది. మీ తూముకు అది ఉందో లేదో, ఉంటే తుప్పు పట్టి సగం తెరిచిన స్థితిలో బిగుసుకుపోయిందో వెళ్లి చూడండి. చెక్క ముక్కో కొబ్బరి మట్టో ఇరుక్కున్నా అది మూసుకోదు. రెక్క మూసుకున్న గంటల్లో కాలనీలో పడిన వాన కాలనీలోనే ఉండిపోతుంది గనుక, పల్లంలో ఒక చోట నీరు చేరే గుంత, దాని పక్కన డీజిల్‌తో నడిచే పంపు ఉండాలి. కరెంటు పంపు మీద మాత్రం ఆధారపడకండి, అటువంటి వానలో మొదట పోయేది కరెంటే.

మరో సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, నీళ్లు తీసిన తరవాత పైపులు శుభ్రం చేసే పనిలో నేనూ ఉన్నాను. వీధుల్లోని బురదను వారాల్లో ఎత్తించారు, అది కళ్లకు కనిపించేది గనుక. పైపుల్లోకి చేరిన ఒండ్రు మాత్రం కనిపించదు. ఒక వీధిలో పైపు అడుగున మూడో వంతు దాకా ఒండ్రు చేరి, ఎండకు పైన నీరు తగ్గినప్పుడల్లా గట్టిపడి, గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి పైపు కడిగే జెట్టింగ్ మిషన్ ధాటికి కూడా మొదట్లో పెళ్లలుగానే ఊడింది. 2020లో మీ కాలనీలోకి వంక నీళ్లు వచ్చి ఉంటే, ఆ తరవాత పైపులను జెట్టింగ్ చేయించారో లేదో కనుక్కోండి. చేయించకపోతే మీ 150 పైపు నిజానికి వంద మిల్లీమీటర్ల పైపుగా పని చేస్తూ ఉండవచ్చు.

ఇప్పుడు రోడ్డు కుంగిన సంగతి, ఇది అసలైన వయసు జబ్బు. మీ వీధుల్లోవి స్టోన్‌వేర్ పైపులనీ, చివరన పెద్ద లైనులో కలిసే భాగం 250 మిల్లీమీటర్ల సిమెంటు హ్యూమ్ పైపనీ రాశారు. కాల్చిన మట్టితో చేసి పైన గాజు పూత పూసిన స్టోన్‌వేర్ పైపు అరగదు, కుళ్లదు, ఆమ్లానికి లొంగదు. కదిలించకపోతే నూరేళ్లయినా ఉంటుంది. దాని బలహీనత అతుకుల్లో ఉంది. అప్పట్లో వచ్చిన పైపు ముక్కలు చాలావరకు 60 సెంటీమీటర్ల పొడవు ఉండేవి, అంటే వంద మీటర్ల వీధిలో 160కి పైగా అతుకులు. ప్రతి అతుకునూ జనపనార చుట్టి సిమెంటు పూసి మూసేవారు. ఆ సిమెంటుకు సాగే గుణం లేదు. మీ నేల నల్లరేగడి అయితే అది వానకు ఉబ్బి, ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. ముప్పై అయిదేళ్లుగా ఏటా పైకీ కిందికీ ఊగే నేలలో ఆ అతుకులు చిట్లకుండా ఉండవు. చిట్లిన చోట చెమ్మ వెదుక్కుంటూ వేపచెట్టు వేరు దారమంత సన్నంగా దూరి, లోపల కొబ్బరిపీచు కుంచెలా పెరుగుతుంది. మరోవైపు, పైపు నిండుగా పారినప్పుడు మురుగు బయటికి చిమ్ముతుంది, నిండు తగ్గగానే చుట్టూ ఉన్న మట్టిని వెంటబెట్టుకుని లోపలికి వస్తుంది. ఒక్కో వానకు తట్టెడు మట్టి పోయినా కొన్నేళ్లలో రోడ్డు కింద ఒక గుహ తయారవుతుంది, ఒకరోజు ఇసుక లారీ దాని మీదికి వస్తుంది. వానకు పొంగడం ఆపితే, నిండడం తగ్గడం అనే ఈ ఊగిసలాట కూడా తగ్గి, కుంగడం నెమ్మదిస్తుంది. ఈ రెండు జబ్బులకూ ఉన్న చుట్టరికం అంతే.

హ్యూమ్ పైపు కథ వేరు. అది పై భాగం నుంచి చెడుతుంది. మురుగు నెమ్మదిగా పారే చోట, గాలి సోకని జిగురు పొరలో బతికే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ వాయువు పైకి లేచి పైపు నెత్తిన ఉన్న చెమ్మలో చేరితే, అక్కడ మరో జాతి సూక్ష్మజీవులు దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం సిమెంటును తినేస్తుంది. మురుగు వేడెక్కిన కొద్దీ ఈ పని వేగం పెరుగుతుంది గనుక మన ఎండలు దానికి బాగా కలిసొస్తాయి. ఒకసారి రోడ్డు కుంగిన చోట తవ్వించి చూస్తే, హ్యూమ్ పైపు అడుగు భాగం నిన్న తెచ్చినంత నున్నగా ఉంది. పై భాగం మాత్రం తడిసిన సున్నంలా తెల్లగా, మెత్తగా అయిపోయి, స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది. లోపలి కడ్డీలు తుప్పు పట్టి పుల్లల్లా వేలాడుతున్నాయి. అందుకే మురుగు పారుతోంది గదా, పైపు బాగానే ఉందన్న మాట నమ్మకండి. కూలే ముందురోజు దాకా హ్యూమ్ పైపులో మురుగు బాగానే పారుతుంది.

పైపు లోపలి స్థితి తెలియాలంటే కెమెరా పంపాల్సిందే. ముందు జెట్టింగ్‌తో కడిగించి, తరవాత కెమెరా నడిపించి, ఏ మ్యాన్‌హోల్ నుంచి ఎన్నో మీటరు దగ్గర ఏ లోపం ఉందో రాయించాలి. కెమెరా దొరికేలోపు పాత పద్ధతి ఒకటుంది: ఒక మ్యాన్‌హోల్‌లోకి తాడుతో టార్చి దీపం దించి, తరవాతి మ్యాన్‌హోల్‌లోకి కర్రకు కట్టిన అద్దం దించి పైనుంచే చూడాలి. దీపం గుండ్రంగా కనిపిస్తే పైపు తిన్నగా ఉన్నట్టు, అర్ధచంద్రుడిలా కనిపిస్తే నడుమ కుంగినట్టు, కనిపించకపోతే అడ్డం పడినట్టు. దీనికోసమైనా, మరి దేనికోసమైనా, మనిషిని లోపలికి దించకండి. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు పైపుల్లోకి దించడాన్ని నేరంగా చూస్తుంది. చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన రావడం లేదు, దిగవచ్చు అనుకున్నవాడే చనిపోతాడు. ఐదు వందలిస్తే దిగే మనిషి ఉన్నాడని కాలనీ సంఘంలో ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి.

కెమెరాలో లోపాలు తేలాక ఏది మార్చాలి, ఏది బాగు చేయాలి అన్నది లోతును బట్టి ఉంటుంది. పాత పైపు లోపల రెసిన్‌లో తడిపిన గొట్టపు గుడ్డను నడిపించి, ఉబ్బించి, గట్టిపడనిచ్చి కొత్త పైపులా మార్చే పద్ధతి 1971లో లండన్‌లో మొదలైంది. మన దేశంలోని పెద్ద నగరాల్లోనూ వాడుతున్నారు. మూడు నాలుగు మీటర్ల లోతున, నడిరోడ్డు కింద ఉన్న మీ హ్యూమ్ పైపుకు ఆ పద్ధతి తగినది. మీ వీధుల్లో మీటరున్నర లోపలి స్టోన్‌వేర్ పైపులకు మాత్రం ఆ బృందాన్ని పిలిపించే ఖర్చు దండగ, చెడిన భాగం వరకు తవ్వి కొత్త పైపు వేయడమే మేలు. అలా వేసేటప్పుడు తవ్విన నల్లరేగడి పెళ్లలనే మళ్లీ పైపు చుట్టూ పోయనివ్వకండి. పైపు కిందా పక్కలా ఇసుక, పైన గరుసు వేసి పొరపొరగా దిమ్మిస కొట్టించాలి. కొత్త ప్లాస్టిక్ పైపు బలం చాలావరకు దాని పక్కనున్న మట్టి బలమే. తాగునీటి పైపు మురుగు పైపును దాటే చోట అది అర మీటరు పైనే ఉందో లేదో తప్పకుండా చూడండి. మనకు కుళాయి రోజంతా రాదు, నీళ్లు ఆగిన గంటల్లో ఖాళీ అయిన తాగునీటి పైపు తన చిల్లుల్లోంచి చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది.

300 పైపు ఎందుకు వద్దంటున్నానో ఇంకొక్క మాట. వంక దగ్గరి చదును నేలలో అంత పైపుకు వాలు దొరకక, 300కి తక్కువ వాలు చాలు గదా అని 400కి ఒక మీటరు చొప్పున వేసేస్తారు. తక్కువ వాలు చాలన్న మాట పైపు కనీసం సగం నిండినప్పటిది. మీ కాలనీ రద్దీ వేళ మురుగు ఏడున్నర లీటర్లు ఆ పైపులో అడుగున సన్నగా, సెకనుకు అర మీటరు వేగంతో పారుతుంది. మలినం అడుగున దిగకుండా ఉండాలంటే కనీసం 0.6 మీటర్ల వేగం కావాలి. మధ్యాహ్నమూ రాత్రీ అది ఇంకా తక్కువ. పూడిక పేరుకుంటుంది, వాయువు పుడుతుంది. దిగువన ఉన్నది 250 హ్యూమ్ పైపు అని మరిచిపోకండి, దానిలో 300 తెచ్చి కలిపి ఏం సాధిస్తారు?

అర్జీ మాత్రం పెట్టండి. మీ వార్డు కార్యాలయంలో నీళ్లు, మురుగు పనులు చూసే కార్యదర్శి ద్వారానే పెట్టి, నకలు ఇంజినీరింగ్ విభాగానికి ఇవ్వండి. అడగవలసినవి: లైనంతా జెట్టింగ్, ఆ తరవాత కెమెరా పరీక్ష, తేలిన లోపాల వరకు మరమ్మతు, సైడు కాలువల పూడికతీత, వంక తూముకు రెక్క. మిద్దె నీళ్లు విడదీసే పని కాలనీ వాళ్లదే, దాన్ని ముందు మీరు పూర్తి చేసి ఎన్ని ఇళ్లు విడదీశారో అర్జీలో రాస్తే మీ మాటకు బరువు పెరుగుతుంది. పట్టణాల నీళ్లు, మురుగు పనులకు కేంద్రం పెట్టిన అమృత్ పథకానికి ఎంపికైన నగరాల్లో కడప ఒకటి గనుక, అది అమల్లో ఉంటే పెద్ద పనులకు అందులో ప్రతిపాదనకు వీలుంటుంది, కానీ కెమెరా నివేదిక లేని ప్రతిపాదన ఊహ మీద వేసిన అంచనాలాగే మిగిలిపోతుంది.

ఈలోగా ఒక పటం గీయండి. ప్రతి మ్యాన్‌హోల్‌కు ఒక అంకె ఇచ్చి, మూత నుంచి పైపు అడుగు దాకా లోతు టేపుతో కొలిచి రాయండి. సిమెంటు రోడ్లు వేసినప్పుడు కొన్ని మూతలు రోడ్డు కింద కప్పబడిపోయి ఉంటాయి, రెండు మ్యాన్‌హోళ్ల మధ్య ముప్పై మీటర్లకు మించి దూరం వస్తే నడుమ ఒకటి దాక్కుని ఉందేమోనని అనుమానించండి. తరవాతి వానలో గొడుగు పట్టుకుని వెళ్లి ఏ అంకె మూత ముందుగా పొంగిందో, వాన మొదలైన ఎన్ని నిమిషాలకు పొంగిందో రాసుకోండి. వాన మొదలైన పది నిమిషాల్లోనే పొంగితే మిద్దెలూ, తెరిచిన మూతలూ కారణం. వాన వెలిసిన గంట తరవాత దిగువ నుంచి ఎగువకు ఒక్కొక్కటే పొంగుతూ వస్తే వంక వెనక్కి తోస్తున్నట్టు. ఆ అంకెలూ, తూము అడుగు మట్టమూ పంపితే ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.